పై బద్ద, కింది బద్ద

విల్లులో పిడికి పైనా కిందా వంగే రెండు బద్దలూ ఒకే తీరున వంగాయంటే విల్లు సమతూకానికి వచ్చినట్టేనని చాలామంది నమ్మకం. నేను ఒప్పుకోను. విల్లు తూగాల్సింది వంపు సరిచూడటానికి గోడ మీద గీసిన గళ్ల ముందు కాదు, పిడిని పట్టుకునే చేతికీ నారిని లాగే వేళ్లకూ మధ్య.

ఇప్పుడు నా గరాజులో బిగించి ఉన్నది ఓసేజ్ ఆరెంజ్ కర్ర. మేముండే కాన్సస్‌లో పొలాల గట్ల వెంట ఈ చెట్ల వరసలు ఇంకా కనిపిస్తాయి. 1870లలో ముళ్లతీగ వచ్చేదాకా ఇక్కడి రైతులకు కంచె ఇదే. దగ్గర దగ్గరగా నాటి, కత్తిరిస్తూ పెంచితే పశువులు దాటలేనంత ముళ్లపొద అయ్యేది. కోసిన కొత్తలో కర్ర మంచి పసుపు రంగు, వెలుగు తగిలేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. ఇక్కడి ఆదివాసులైన ఓసేజ్ తెగవారి విల్లులు దీనితో చేసినవే. నేను మా మేనకోడలి కోసం 64 అంగుళాల విల్లు చేస్తున్నాను. 26 అంగుళాలు లాగినప్పుడు 35 పౌండ్ల బలం రావాలి.

వింటి వీపు, అంటే బాణం వెళ్లే దిక్కుకు తిరిగి ఉండే వైపు, ఒకే ఏడాది వలయం, అంటే చెట్టు ఆ ఏడు పెరిగిన పొర, ఈ కొన నుంచి ఆ కొన దాకా తెగకుండా తేలాలి. అది తేలాక వీపును ఇక ముట్టుకోను. గీకుడంతా లాగేవాళ్ల వైపు తిరిగి ఉండే కడుపు మీదే. వెడల్పు పదోవంతు తగ్గిస్తే బిరుసు కూడా పదోవంతే తగ్గుతుంది. మందం అలా కాదు. 12 మిల్లీమీటర్ల బద్దలో ఒక్క మిల్లీమీటరు తీస్తే బిరుసులో నాలుగోవంతుకు దగ్గరగా పోతుంది. అందుకే బద్దలు వంగడం మొదలయ్యాక ఆకురాయి పక్కన పెట్టి, ఉక్కు రేకు స్క్రేపర్‌ అందుకుంటాను. గీకిన ప్రతిసారీ నారిని ఇరవై ముప్పై సార్లు నెమ్మదిగా లాగి వదలాలి. తీసిన కలపకు తగ్గ వంపు చెక్కలో అప్పటికి గాని బయటపడదు. ఈ ఓపిక లేనివాళ్లు బిరుసుగా ఉన్న చోటే మళ్లీ మళ్లీ గీకుతారు. చివరికి అక్కడ బద్ద మడతబందులా ఒక్క చోటే ముడుచుకుంటుంది. మెతకపడిన చోటును వదిలేసి, దాని చుట్టూ బిరుసుగా ఉన్న మేర నుంచే చెక్క తీయాలి.

ఇక అసలు సంగతి. పిడి వింటి నడిమధ్యలో ఉంటే చేయి అక్కడ అదుముతుంది. బాణం కూర్చునేది మాత్రం పిడికి పైన. మేనకోడలు బాణానికి పైన ఒక వేలు, కింద రెండు వేళ్లు పెట్టి లాగుతుంది. కాబట్టి నారి మీద లాగుడు నడిమికి పైన పడుతుంది. కావడి మోసేవాళ్లు బద్ద మధ్యను కొలిచి భుజాన పెట్టుకోరు, కుండల బరువును బట్టి భుజాన్ని జరుపుకుంటారు. వింటిలో అలా జరపడానికి వీల్లేదు. చేతి చోటు, వేళ్ల చోటు ముందే నిర్ణయమైపోయాయి. సర్దుకోవాల్సింది బద్దలే. కింది బద్దను కాస్త బిరుసుగా ఉంచుతాం. ఎక్కుపెట్టిన వింటిలో పిడి అంచుల దగ్గర నారికి ఉన్న దూరాన్ని కొలిస్తే పైన 3 నుంచి 6 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. మూడు వేళ్లూ బాణం కిందే పెట్టి లాగేవాళ్లకు ఈ తేడా దాదాపు అక్కర్లేదు. వాళ్ల లాగుడు నడిమికి దగ్గరగా పడుతుంది. అందుకే ఎవరు ఎలా లాగుతారో అడగకుండా విల్లు చేయడం నాకు సమ్మతం కాదు.

జపాన్ వారి యుమిని చూడండి. రెండు మీటర్లు దాటిన విల్లు. పిడి కింది నుంచి మూడోవంతు ఎత్తులో ఉంటుంది. పై బద్ద పొడవు, కింది బద్ద పొట్టి, వంపులో ఎక్కడా పోలిక లేదు. అయినా వందల ఏళ్లుగా సూటిగా బాణాలు వేస్తోంది.

కప్పీ, తాడు కట్టిన గోడ దగ్గర నేను చేసేది ఇది: చేయి అదిమే చోట గుండ్రటి ఆధారం మీద విల్లును ఆనిస్తాను, అటూ ఇటూ ఊగే వీలుండాలి. కొక్కెం నారి మధ్యలో కాదు, వేళ్లు పడే చోట తగిలిస్తాను. తాడు లాగుతూ కొక్కేన్ని గమనిస్తాను. అది నిటారుగా దిగితే బద్దలు తూగినట్టు. ఒక పక్కకు జరిగితే ఆ పక్క బద్ద బిరుసు, అక్కడే గీకాలి. కొక్కెం కదలిక నాకు ఏ గళ్ల కాగితం కన్నా నమ్మకమైన సాక్షి. ఇలా తూగిన విల్లులో రెండు బద్దలూ ఒకేసారి తమ చోటికి చేరతాయి, బాణం వదిలినప్పుడు చేతికి కుదుపు తక్కువగా తగులుతుంది. ఎదిగే పిల్ల మోచేయి కాబట్టి ఈ విషయంలో ఇంకా పట్టుదలగా ఉన్నాను.

బాణాలు వేస్తున్న కొద్దీ చెక్క ఇంకొంచెం సర్దుకుంటుంది, తేడా 6 మిల్లీమీటర్లు దాటిపోవచ్చు, లేదా పూర్తిగా మాసిపోవచ్చు. కింది బద్ద మెతకపడితే దానికి కలప అతికించలేం, పై బద్దనే గీకి దారికి తేవాలి, బలం కొంత తగ్గుతుంది. అందుకే 35 పౌండ్లు కావాలంటే 38 దగ్గర ఆగిపోతాను. ఆ మూడు పౌండ్ల మిగులుతో, నూనె పట్టించకుండా, మేనకోడలి చేతికిచ్చి వంద బాణాలు వేయిస్తాను. మళ్లీ కొలతలు తీసుకుని, స్క్రేపర్‌ పని ముగించాకే నూనె.