సీడ్ రెండోసారి రాసినప్పుడు నాకు అక్కరకొచ్చింది బత్తాయి డబ్బా

సీడ్ అంటే డిజైన్‌ల మాస్టర్స్ సీటుకు రాసే ఎంట్రెన్స్, దానికి ప్రిపేర్ అయితున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా ముచ్చట చెప్తున్న. మాది నల్లగొండ పక్కన పల్లె. ఇంటర్ ఎంపీసీ అయినంక అందరు ఎంసెట్ అంటుంటే నేను జేఎన్‌ఏఎఫ్‌ఏయూ, అంటే ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఎంట్రెన్స్ రాసి హైదరాబాద్‌ల బీఎఫ్‌ఏ అప్లైడ్ ఆర్ట్‌ల, అంటే లోగోలు, ప్రకటనల అసొంటి పనికొచ్చే బొమ్మల డిగ్రీల చేరిన. బొమ్మలేసుకుంట ఎట్ల బతుకుతవ్ బిడ్డా అని బాపు అడిగిండు, మన తెలంగాణ రాజముద్ర గీసిన ఏలె లక్ష్మణ్ గారిది మన ఉమ్మడి జిల్లా కదిరేనిగూడెమే గదా అంటే ఇగ ఏమనలే, ఫీజు కట్టిండు.

ఫైనలియర్‌ల మొదటిసారి సీడ్ రాసిన. పార్ట్ ఏ గంట, కంప్యూటర్ మీద, 150 మార్కులు, అండ్ల క్వాలిఫై అయితేనే పార్ట్ బీ దిద్దుతరు. బీ రెండు గంటలు, చేత్తోని గీసుడు, 100 మార్కులు, కానీ ఫైనల్ స్కోర్‌ల 75 శాతం దానిదే. నేను మొదటి బొమ్మకు షేడింగ్ ఇచ్చుకుంటనే యాభై నిమిషాలు కూసున్న, చివరి ప్రశ్న ముట్టనే లేదు. ఇంటికొచ్చినంక రెండ్రోజులు అన్నం సయించలే.

గప్పుడే కాలేజీల మినిమలిస్ట్ బ్రాండింగ్, అంటే తక్కువ గీతలతోని ఒక సరుకుకు గుర్తు చేసే ప్రాజెక్ట్ ఇచ్చిన్రు. మా మేనమామ బత్తాయిలు అయిదు కిలోల అట్టడబ్బాలల్ల పెట్టి సిటీ అపార్ట్‌మెంట్లకు పంపాలని చూస్తుండె, దానికే లోగో చేసిన. పండు, ఆకు, నీళ్ల చుక్క, మూడు రంగులు, ల్యాప్‌టాప్‌ల మస్తు కనవడ్డది. మామ చూసి, రెండొందల డబ్బాలకు ఇన్ని రంగులు ఎవలు కొడ్తరు బిడ్డా అన్నడు. సరే అని పాత ఎక్స్‌రే ఫిల్మ్ బ్లేడుతోని కోసి స్టెన్సిల్ చేసినం. రింగు కోస్తే లోపలి ముక్క ఊడి చేతుల పడ్డది, అది నిలవాలంటే యాడన్న ఒకకాడ సన్నగ కలిపి ఉంచాలె, పైన ఉంచినం. స్పాంజితోని ఇంకు అద్ది ఫిల్మ్ లేపితే ఆ కలిపినకాడ ఇంకు అంటక సందు పడ్డది, అది అచ్చం తొడిమె లెక్క కనవడ్డది. ఇగ ఆకు లేదు, చుక్క లేదు.

బత్తాయి అని రాస్తే త కింద వత్తుకాడ ఇంకు పాకి ముద్దయితుండె, వత్తు కిందికి జరిపి లావు తగ్గిస్తే నాలుగోసారికి కుదిరింది. ఇంగ్లీష్ అక్షరాల కొలతలు తెచ్చి తెలుగుకు పెడ్తే కాదు, మనకు అక్షరం కింద గూడ జాగ కావాలె. ఎస్‌బీఐ లోగో మళ్ల ఒకసారి చూడుండ్రి, 1971ల ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) శేఖర్ కామత్ గారు చేసింది, నీలం గుండ్రం, నడుమ చిన్న గుండ్రం, కిందికి ఒక చీలిక, గంతే, పాస్‌బుక్ మీదైనా బోర్డు మీదైనా దూరంకెల్లి గుర్తువడ్తం.

రెండో అటెంప్ట్‌కు ఇదే పద్ధతి పట్టిన. రోజుకొక వస్తువు, సైకిల్ బెల్లు, చేతిపంపు, పాల క్యాను, ముందు ఇరవై గీతలు, తర్వాత పది, తర్వాత అయిదు, టైమర్ పెట్టుకొని. మా చెల్లె గుర్తుపట్టకపోతే ఆఖరుకు తీసేసిన గీత మళ్ల పెట్టేది. పార్ట్ ఏకు పాత పేపర్లు సీడ్ వెబ్‌సైట్‌ల ఫ్రీగనే ఉంటయి, జవాబు అంకెల్ల కొట్టే న్యూమరికల్ ప్రశ్నలకు తప్పయితే మార్కులు కోసుడు ఉండదు, అవి ఖాళీ ఇడువకుండ్రి. నేనైతే కోచింగ్‌కు పోలే.

రెండోసారి సీడ్ తర్వాత మాస్టర్స్ సీటు ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. పోర్ట్‌ఫోలియోల, అంటే మన పనులు చూపెట్టే ఫైల్‌ల, ఫైనల్ ప్రింట్ల కంటే ముందు ఇంకు మరకల ఎక్స్‌రే ఫిల్మే పెట్టిన. ఒక మేడం దాన్ని లైట్‌కు పట్టి చూసి ఈ సందు ఎందుకిచ్చినవ్ అని అడిగింది, ఇగ ఇంటర్వ్యూ సగం దానిమీదనే నడిచింది. చెడిపోయిన మొదటి మూడు స్టెన్సిళ్లు ఏవి అని గూడ అడిగిన్రు, అవి నేను పారేసిన. మీరు పారెయ్యకుండ్రి, తారీఖు రాసి ఫైల్‌ల పెట్టుకోండ్రి.