నాన్న స్టెంటు, బాబాయ్ తెచ్చిన విజయ నూనె

మొన్న ఆదివారం బాబాయ్ చిక్కడపల్లిలోని మా ఇంటికి వచ్చి, జేబులోంచి గోధుమరంగు సీసా తీసి నాన్న చేతిలో పెట్టాడు. "అన్నా, ఆన్‌లైన్‌ల తెప్పించిన. గంజాయి మొక్క నూనెనంట, మత్తు ఉండదంట. రోజుకు పది చుక్కలు నాలుక కింద వేసుకుంటే బ్లాకులు రావంట" అన్నాడు. నాన్న నా వైపు చూశాడు. ఆయనకు 68 ఏళ్లు, జనవరిలో స్టెంట్ వేశారు. నేను పదిహేనేళ్లుగా మెడికల్ షాపులో ఫార్మసిస్టుని.

లేబుల్ మీద విజయ అని ఉంది. ఆయుర్వేదంలో గంజాయి మొక్క పేరు అది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పూత, కాయ పట్టిన కొసలనే గంజాయి అంటుంది. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. ఆకు సారంతో చేసిన మందులు ఆయుష్ లైసెన్సుతో దొరుకుతున్నది అందుకే.

బాబాయ్ చెప్పిన మాటలో అసలు పస లేదని నేను అనను. 2005లో జెనీవా పరిశోధకులు రక్తనాళాల్లో కొవ్వు పేరుకునే ఎలుకలకు గంజాయిలో మత్తు తెచ్చే పదార్థమైన టీహెచ్‌సీని చాలా తక్కువ మోతాదులో, కిలో బరువుకు రోజుకు 1 మిల్లీగ్రాము చొప్పున నోటి ద్వారా ఇచ్చారు. బ్లాకు పెరగడం నెమ్మదించింది. బ్లాకు అంటే పైపులో మురికి పట్టినట్టు అనుకుంటాం కానీ, అది నాళం గోడ లోపల జరిగే వాపు. చెడు కొలెస్ట్రాల్ గోడలోకి దూరితే రోగనిరోధక కణాలు వచ్చి దాన్ని మింగి, ఉబ్బి, అక్కడే ఉండిపోతాయి. ఆ కణాల మీద సీబీ2 అనే గ్రాహకం, అంటే మందు వచ్చి తాకే తాళం లాంటి చోటు, ఉంటుంది. టీహెచ్‌సీ దాన్ని తాకి వాపును చల్లార్చింది. అది చదివిన రోజు నాకు నిజంగా సంతోషం వేసింది. నా కౌంటర్‌కు స్టెంట్ మందుల చీటీతో నలభై కూడా దాటనివాళ్లు వస్తున్నారు. వాళ్ల కోసమైనా ఇలాంటి దారి ఒకటి తెరుచుకోవాలి.

కానీ అదే టీహెచ్‌సీ సీబీ1 అనే ఇంకో గ్రాహకాన్ని కూడా తాకుతుంది. మత్తు అక్కడినుంచే వస్తుంది. నాళాల లోపలి పొరలో కూడా సీబీ1 ఉంది, అక్కడ మాత్రం అది వాపును రాజేస్తుంది. స్టాన్‌ఫర్డ్ బృందం 2022లో చూపించింది ఇదే. నెలకు ఒకసారి కంటే ఎక్కువగా గంజాయి తాగేవాళ్లలో గుండెపోటు ముప్పు ఎక్కువని కూడా వాళ్లు బ్రిటన్ ఆరోగ్య వివరాల్లో చూశారు. సోయాలో ఉండే జెనిస్టీన్ ఎలుకల్లో ఆ హానిని అడ్డుకుంది. పోనీ సీబీ1ని మూసేస్తే సరిపోతుందా అంటే, రిమోనాబాంట్ అలాంటి మందే. 2006లో యూరప్‌లో అనుమతి వచ్చింది, మెదడులోకి వెళ్లి డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు తెస్తోందని 2008లో ఆపేశారు. మొక్క ఒకటే అయినా ఏ అణువు, ఏ గ్రాహకం, ఎంత మోతాదు అన్నదాన్ని బట్టి మేలు కీడుగా మారిపోతుంది.

బాబాయ్ సీసాలో ఎక్కువగా ఉన్నది సీబీడీ, అదే మొక్కలోని మత్తు లేని ఇంకో పదార్థం. 2017లో ఇంగ్లండ్‌లో ఆరోగ్యంగా ఉన్న 9 మంది మగవాళ్లకు ఒక్కసారి 600 మిల్లీగ్రాములు ఇస్తే, పై బీపీ 6 పాయింట్లు తగ్గింది. తర్వాత 26 మందికి వారం పాటు ఇచ్చి చూస్తే, వారం చివరికి ఆ తగ్గుదల నిలవలేదు. నాళాల బిగువు మాత్రం సడలింది. నాకు ఆశ పుట్టించేది ఈ చివరి మాటే. ఇక మన సీసా లెక్క చూడండి: 30 ఎంఎల్‌లో 750 మిల్లీగ్రాములు. పది చుక్కలు అంటే సుమారు అర ఎంఎల్, పన్నెండున్నర మిల్లీగ్రాములు. ఆ 600 కావాలంటే ఒక్క పూటకే 24 ఎంఎల్ తాగాలి.

నా అసలు భయం వేరే. నాన్న వేసుకునే క్లోపిడోగ్రెల్ కడుపులో పడగానే పనిచేసే మందు కాదు. కాలేయంలో సీవైపీ2సీ19 అనే ఎంజైమ్ దాన్ని మార్చాకే రక్తం గడ్డకట్టకుండా ఆపుతుంది. సీబీడీ ఆ ఎంజైమునే అడ్డుకుంటుంది. స్టెంట్ వేసి ఏడాది కూడా కాని మనిషికి ఆ మందు బలం తగ్గితే, స్టెంట్‌లోనే గడ్డ కట్టవచ్చు. రక్తం గడ్డకట్టకుండా ఆపే ఇంకో మందు వార్ఫరిన్ వాడేవాళ్లకు ఇబ్బంది ఇంకో వైపునుంచి: సీబీడీ వల్ల రక్తంలో ఆ మందు పెరిగి రక్తస్రావం కావచ్చు. నూనె సహజమైనది కదా అని డాక్టరుకు చెప్పకుండా వాడేవాళ్లను చూస్తే నాకు చాలా టెన్షన్‌గా ఉంటుంది.

ఇదంతా చెప్తుంటే బాబాయ్ మెల్లగా కుర్చీలో వెనక్కి జరిగాడు. అనుమానం వచ్చి, "నువ్వు కూడా వాడుతున్నావా బాబాయ్?" అని అడిగాను. మూడు వారాల నుంచి అన్నాడు. మరి బీపీ గోళీ?

"అది ఆపిన బిడ్డా. రెండెందుకని."

మిషన్ తెచ్చి చేతికి కట్టాను. 168, 102. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 164. పిన్ని అక్కడే ఏడ్చేసింది. వాళ్ల డాక్టరుకు వెంటనే ఫోన్ చేశాం. మానేసిన గోళీ ఆ పూట నుంచే మొదలుపెట్టమన్నారు, నూనె ఆపమన్నారు. గురువారం నేను షాపుకు సెలవు పెట్టి బాబాయ్‌తో వెళ్తున్నాను. బీపీ రీడింగులు రాసిన కాగితంతో పాటు ఆ సీసా కూడా నా బ్యాగులో పెట్టుకున్నాను, లేబుల్ డాక్టరుకు చూపించాలి.