రేగడి పెళ్ల లోపల

రాత్రి చినుకులు పడ్డాయని ఫోన్ వచ్చినప్పటి నుంచీ ఒకటే టెన్షన్. ఆరున్నరకల్లా సైట్‌కి చేరుకున్నాను. పల్నాడులో మేం వేస్తున్న ఈ పల్లె రోడ్డు పొడవునా నల్లరేగడే. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, వాన పడితే ఉబ్బి చెప్పు వదలదు. పైన తారు ఎంత బాగా వేసినా అడుగున ఈ ఉబ్బడం, ముడుచుకోవడం ఆగకపోతే రోడ్డు చీలిపోవాల్సిందే. ఈ మట్టిని నాలుగు రోజులు నీళ్లలో నానబెట్టి పరీక్షిస్తే సీబీఆర్, అంటే మట్టి ఎంత బరువు ఆపగలదో చెప్పే కొలత, 2 వచ్చింది. మా డిజైన్‌కి 5 కావాలి.

అందుకని 4 శాతం సున్నం కలుపుతున్నాం. సున్నం పడితే రేగడి జిగట విరిగి పొడిపొడిగా అవుతుంది. కానీ ముందు పెళ్లలు పగలాలి, అసలు కష్టమంతా అక్కడే. తడిగా ఉంటే మట్టి రోటవేటర్ కత్తులకి చుట్టుకుంటుంది. బాగా ఎండితే రాయిలా గట్టిపడి ట్రాక్టరే ఎగిరిపడుతుంది.

నిన్న కలిపిన అరవై మీటర్లూ పైకి బూడిదరంగులో బాగానే కనిపించింది. గుప్పెడంత పెళ్ల తీసి, రెండుగా విరిచి, ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లాను. సున్నం తగిలిన మట్టి గులాబీరంగుకి తిరుగుతుంది. అంచున గోరు మందాన తిరిగింది, లోపలంతా నలుపే. గోడకి వెల్ల వేసినట్టు పెళ్లకి సున్నం పూశాం, అంతే.

"పైన గ్రావెల్ పడుతుంది కదా సార్, రోలర్ తిప్పేద్దాం" అన్నాడు మేస్త్రీ. ఒప్పుకోలేదు. రోలర్ కింద అణిగినట్టే ఉంటుంది, నీళ్లు దిగాక ఆ నల్లటి లోపలి భాగమే ఉబ్బుతుంది. ఈ రోడ్డు మీదే బడిపిల్లల ఆటోలు తిరగాలి.

పక్క మిరప చేలో పెద్దాయన గట్టు మీదికొచ్చి చూశాడు. "పదును చూసుకోకుండా దున్నితే మాకూ ఇట్టాగే పెళ్లలు లేస్తాయి బాబూ" అన్నాడు.

"నిజమే బాబాయ్, మధ్యాహ్నం దాకా ఆరనిస్తాం" అన్నాను.

రెండు గంటలకి మొదలుపెట్టి మూడుసార్లు రోటవేటర్ తిప్పించాను. మూతి విప్పి గాలికి వదిలేసిన సున్నం బస్తాలు కొన్ని పక్కన పెట్టించాను. గాలి తగిలితే సున్నం సత్తువ పోతుంది. రాత్రికి మాగనిచ్చి, రేపు మళ్లీ కలిపి రోలర్ వేస్తాం.

సాయంత్రం ఐదు చోట్ల తవ్వి చూశాను. నాలుగు చోట్ల లోపలిదాకా గులాబీరంగు! కల్వర్టు పక్కన, రోటవేటర్ అందని మూల మాత్రం ఇంకా నలుపే. రేపు అక్కడ పారలతో కలపమని మేస్త్రీకి చెప్పి, ఆ మూల మీద పట్టా కప్పించి వచ్చాను.