మావయ్యా, ఫారిన్ ఐస్‌క్రీమ్ తెప్పిద్దామా?

మా అక్క కొడుకు గుంటూరు బ్రాడీపేటలో ఐస్‌క్రీమ్ పార్లర్ పెడదామని చూస్తున్నాడు. మొన్న రాత్రి ఫోన్ చేసి "మావయ్యా, ఇక్కడివి అందరూ అమ్ముతున్నారు, మనం ఫారిన్‌వి తెప్పిద్దాం, లైసెన్సులకు ఎంతవుద్ది?" అన్నాడు. ఫోన్లో సగమే చెప్పగలిగాను. నేను ఒకసారి ఫారిన్ ఐస్‌క్రీమ్ తెప్పించి బెజవాడలో మా షాపులో అమ్మినవాణ్ణి, ఈ మాట నన్ను ఇంకొందరు కూడా అడిగారు కాబట్టి మిగతాది ఇక్కడ రాస్తున్నా.

లైసెన్సుల పేరు చెప్పి అందరూ భయపెడతారు గానీ నన్ను దెబ్బకొట్టింది అవి కాదు. కాగితాలు చాలానే ఉంటాయి, నిజమే. విదేశీ వ్యాపారం చూసే కేంద్ర ఆఫీసు డీజీఎఫ్‌టీ ఇచ్చే ఇంపోర్టర్ కోడ్, ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సెంట్రల్ లైసెన్సు, పాల సరుకు కాబట్టి కేంద్ర పశుసంవర్ధక శాఖ శానిటరీ పర్మిట్, అవతలి దేశం వెటర్నరీ సర్టిఫికెట్. 2023 ఫిబ్రవరి 1 నుంచి అక్కడి ఫ్యాక్టరీ కూడా మన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్టరై ఉండాలి. చైనా పాల సరుకు సంగతి ఆలోచించనే అక్కర్లేదు, 2008లో పాలలో మెలమైన్ అనే రసాయనం కల్తీ బయటపడ్డప్పుడు పెట్టిన నిషేధాన్ని పొడిగిస్తూ వచ్చారు. ఇవన్నీ ఓపిగ్గా కూర్చుంటే అయ్యే పనులే, మంచి కస్టమ్స్ ఏజెంట్ దొరికితే సగం టెన్షన్ తగ్గుతుంది.

నాకు దెబ్బ తగిలింది గుడ్డు దగ్గర, చలి దగ్గర.

యూరప్ వెనిల్లాల్లో చాలావాటిని గుడ్డు పచ్చసొన వేసి కాచి చేస్తారు, ఆ చిక్కదనం దాన్నుంచే వస్తుంది. మన రూల్ ప్రకారం పాలు వెజ్, గుడ్డు పడితే నాన్‌వెజ్, డబ్బా మీద గోధుమరంగు త్రికోణం ఉండి తీరాలి. ఆ గుర్తును నా పేరు, అడ్రసు, లైసెన్సు నంబరుతో కలిపి స్టిక్కర్ మీద వేయించింది నేనే, చెన్నైలో బాండెడ్ కోల్డ్ స్టోరేజీలో, అంటే కస్టమ్స్ క్లియరెన్స్ అయ్యేదాకా సరుకు ఉంచే చోట. అయినా తట్టలేదు. మొదటి శనివారం ఒక పెద్దావిడ మనవరాలిని తీసుకుని షాపుకొచ్చారు. పాప టబ్ పట్టేసుకుంది. ఆవిడ కళ్లజోడు సవరించుకుని మూత చూసి "ఏం బాబూ, ఇందులో నీచు కలుస్తుందా?" అని అడిగారు. గుడ్డుంటుందండీ అన్నాను. పాప చేతిలోంచి మెల్లగా తీసి కౌంటర్ మీద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకున్నారు. అది కార్తీకమాసం. నెలంతా ఆ రకం కదల్లేదు. ఆవిడ చేసింది తప్పని నేననను, ఆ గుర్తు వేయమన్నదే ఆవిడలాంటి వాళ్ల కోసం. ముందే ఇంగ్రీడియెంట్స్ చదవాల్సింది నేను.

ఇక చలి. మైనస్ 18 డిగ్రీల దగ్గర కూడా ఐస్‌క్రీమ్‌లో నీళ్లు మొత్తం గడ్డకట్టవు. కాస్త వేడి తగిలితే సన్న సన్న మంచు పలుకులు కరుగుతాయి, మళ్లీ చల్లబడ్డప్పుడు ఆ నీళ్లు పెద్ద పలుకులకు పట్టుకుని గడ్డకడతాయి, ఒకసారి అలా అయ్యాక ఏ ఫ్రీజర్లో పెట్టినా పాత నునుపు రాదు. మా సరుకు సముద్రమంతా బాగానే దాటింది. స్టిక్కర్లు వేసేటప్పుడు మంచు పట్టిన మూతల మీద మామూలు గమ్ నిలవలేదు, గుడ్డతో తుడిచి తుడిచి అంటించారు, ఆ పెట్టెలు బయట ఎంతసేపున్నాయో ఎవరూ చూడలేదు (ఫ్రీజర్ లేబుల్స్ అని విడిగా దొరుకుతాయి, అవే కొనాలి). తర్వాత చెన్నై నుంచి రాత్రికి రాత్రి వచ్చే బండిలో కూలింగ్ యూనిట్ కొంతసేపు ఆగిపోయిందని చలి ఎంతుందో నమోదు చేసే డేటా లాగర్ చూస్తేగానీ తెలియలేదు. గవర్నర్‌పేట షాపులో మొదటి టబ్ తెరిస్తే పైకి బాగానే ఉంది, కానీ అంచు దగ్గర డబ్బా గోడ నుంచి వేలు దూరేంత విడిపోయింది, చెంచా దింపితే కరకరమంది. అక్టోబరులోనే ఇలా ఉంటే మే నెల ఎండల్లో ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టవుతుంది.

తేదీల సంగతి కూడా చూడాలి. సరుకు ఇక్కడికి చేరేసరికి మొత్తం గడువులో 60 శాతం గానీ, ఎక్స్‌పైరీకి మూడు నెలలు గానీ, ఏది తక్కువైతే అంత మిగిలుంటే చాలంటుంది రూలు. చట్టానికి చాలు, అమ్మేవాడికి చాలదు.

ఇంకో మాట, ఇది వాడికి గట్టిగా చెప్పాలనుకున్నది. ఉత్త "ఐస్‌క్రీమ్" అని రాయాలంటే పాలకొవ్వు 10 శాతానికి తగ్గకూడదు, లీటరుకు కనీసం 525 గ్రాములు తూగాలి. ఫారిన్ డబ్బాకీ మన డెయిరీ డబ్బాకీ ఇదే లెక్క. మీడియం ఫ్యాట్, లో ఫ్యాట్ అని రాసినవి వేరు. వెజిటబుల్ ఫ్యాట్‌తో చేసినదైతే ఫ్రోజెన్ డెజర్ట్ అని రాయాలి. అరలీటరు టబ్ కాటా మీద పెట్టి, ఖాళీ డబ్బా బరువు తీసేసి చూడరా, 262 గ్రాములకు పైనే రావాలి. మన చుట్టుపక్కల పాలతో చేసినవి తూచి, తిని చూశాక కూడా ఫారిన్‌దే కావాలనిపిస్తే అప్పుడు ఆలోచిద్దాం. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి ఐస్‌క్రీమ్ మీద జీఎస్‌టీ 18 నుంచి 5 శాతానికి దిగింది, మన సరుకుతోనే మంచి షాపు నడపొచ్చు.

ఆదివారం వస్తానన్నాడు. అప్పటి టబ్ ఒకటి ఇంట్లో ఫ్రీజర్ అడుగున దాచి ఉంచాను, వాడి ముందే కత్తితో నిలువునా కోసి లోపల మంచు పలుకులు చూపిస్తాను.