చక్రంలో ఎవరి వాటా ఎంత

సింగపూర్‌లో మా అమ్మాయి చదివే బడిలో నలుగురేసి పిల్లల్ని జట్టుగా కట్టి పరిశోధన పని ఒకటి ఇచ్చారు. వీళ్ళ జట్టు చక్రం పుట్టుకను ఎంచుకుంది. జట్టులో ఒక చైనీస్ అబ్బాయి, ఒక తమిళ అబ్బాయి, ఒక మలయ్ అమ్మాయి, మా పిల్ల. మొదటి రోజే పని పంచేసుకున్నారు. ఎవరి పూర్వీకుల చక్రం సంగతి వాళ్ళు తేవాలట. టీచరు అలా పంచుకోమని చెప్పలేదు. పన్నెండేళ్ళ పిల్లలకు వాళ్ళంతట వాళ్ళకే ఆ పద్ధతి తోచింది.

చైనీస్ అబ్బాయి ఆన్యాంగ్ తవ్వకాల్లో బయటపడ్డ షాంగ్ రాజుల కాలపు రథాలు తెచ్చాడు. తమిళ అబ్బాయీ మా పిల్లా హరప్పా మట్టిబండ్ల బొమ్మల దగ్గర తగువులాడుకున్నారు, మావంటే మావని. మలయ్ అమ్మాయికి ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. "పర్లేదు, నేను బొమ్మలు వేసి రంగులద్దుతాను" అందట. మా పిల్ల ఆ మాట మామూలుగా చెప్పేసి అన్నం తింది. నాకు మాత్రం ముద్ద దిగలేదు. చూపించుకోడానికి ఏమీ లేదని ఒక పిల్ల తనంతట తానే పక్కకు జరిగిపోయింది.

ఆ రాత్రి మావైపు ప్రశ్న వచ్చింది. "అమ్మా, హరప్పా తెలుగువాళ్ళదేనా?"

ఈ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. ఇక్కడి బడుల్లో మాతృభాష ఒక తప్పనిసరి పాఠం. భారతీయులకు తమిళం ఉంది. అది వద్దనుకుంటే హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూలలో ఒకటి తీసుకోవచ్చు. తెలుగు ఆ పట్టికలో లేదు. మా పిల్ల హిందీ తీసుకుంది. మా ఇంట్లో ఎవరికీ రాని భాషను మాతృభాష పేరుతో చదివి వచ్చే పిల్ల, ఇదిగో ఇది మాది అని నలుగురిలో చూపించడానికి ఏదో ఒకటి కావాలని తడుముకోవడం నాకు బాగా అర్థమవుతుంది. అయినా హరప్పా ఇవాళ పాకిస్తాన్ పంజాబులో ఉంది. అక్కడివాళ్ళు ఏ భాష మాట్లాడారో ఎవరూ తేల్చలేదు, వాళ్ళ లిపిని ఇంతవరకూ ఎవరూ చదవలేదు. అదే చెప్పాను. ముఖం చిన్నబుచ్చుకుని పడుకుంది.

జూన్ సెలవులకు విశాఖ వచ్చాం. గాజువాకలో మా అమ్మానాన్నల ఇల్లు. నాన్న షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం ఎంవీపీ కాలనీ నుంచి బాబాయ్ వచ్చాడు. సంగతి వినగానే, "జెండా మీద ఇరవై నాలుగు ఆకుల చక్రం పెట్టుకున్న దేశంరా మనది! మనమే కనిపెట్టామని రాసెయ్ తల్లీ, ఎవడు కాదంటాడో చూద్దాం" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. పరాయి దేశంలో పెరుగుతున్న మనవరాలు ఎవరి ముందూ తల దించకూడదని ఆయన తాపత్రయం.

నేను ఒప్పుకోలేదు. ఆధారం చూపలేని గొప్పను పిల్ల చేతిలో పెడితే, రేపు ఎవరైనా ఒక్క ప్రశ్న వేసేసరికి అది ఊడిపోతుంది. దాంతోపాటు మన దగ్గర నిజంగా ఉన్నదాని మీద కూడా ఆమెకు నమ్మకం పోతుంది. ప్రవాసంలో పిల్లల్ని పెంచుతూ నేను గట్టిగా పట్టుకున్న మాట ఇదొక్కటే. బాబాయ్‌కీ ఇదే చెప్పాను.

తరవాత ముగ్గురం కూర్చుని ఆధారాలు వరసపెట్టాం. పోలండ్‌లో బ్రోనోచీత్సె అనే చోట దొరికిన కుండ మీద నాలుగు చక్రాల బండి బొమ్మ గీసి ఉంది. అది క్రీ.పూ. 3500 ప్రాంతానిది. ఇంచుమించు అదే కాలంలో మెసొపొటేమియాలోని ఉరుక్ మట్టిపలకల మీద బండి గుర్తు కనిపిస్తుంది. 2002లో స్లొవేనియాలో లుబ్లియానా దగ్గరి చిత్తడి నేలలో ఇరుసుతో సహా ఒక చెక్క చక్రం బయటపడింది. దాని వయసు 5,000 ఏళ్ళు దాటింది. మన సింధు నగరాల మట్టిబండ్లు వీటి తరవాతివే ఎక్కువ. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని సినౌలిలో పురావస్తు శాఖవారికి రాగి పొదిగిన, ఆకుల్లేని నిండు చెక్క చక్రాల బండ్లు దొరికాయి. అవి క్రీ.పూ. 2000 ప్రాంతానివి. వాటిని లాగినవి గుర్రాలా ఎద్దులా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. ఆకుల చక్రం కూడా దాదాపు ఆ కాలానికే ఉరల్ పర్వతాల దిగువ సింతాష్తా సమాధుల్లో కనిపిస్తుంది. చైనా రథాలకు అది అక్కడి మైదానాల మీదుగా చేరిందని చాలామంది పండితుల మాట. బాబాయ్ కళ్ళజోడు సవరించుకుని అన్నీ చదివాడు. "అయితే ఎవరు ముందో తేలదన్నమాట" అన్నాడు.

అంతవరకూ పేపరు చదువుకుంటున్న నాన్న అప్పుడు నోరు విప్పారు. "చెక్కని గుండ్రంగా కొయ్యడం ఏటంత గొప్ప? ఇరుసు కుదరాల గాని."

అక్కడి నుంచి పని మలుపు తిరిగింది. మాను అడ్డంగా కోస్తే గుండ్రటి ముక్క వస్తుంది కదా, అదే చక్రం కదా అని మా పిల్ల ఊహ. ఆ ముక్క బరువు మోయదు, ఎండితే నెర్రెలిచ్చి విడిపోతుందని నాన్న చెప్పారు. అందుకే పాతకాలం వాళ్ళు నిలువు పలకల్ని జతచేసి చక్రం కోశారు. ఆపైన నడిమి కన్నం, ఇరుసు కొస రెండూ నున్నగా, గుండ్రంగా ఉండాలి. బిగుసుకుంటే తిరగదు, వదులైతే ఊగి విరుగుతుంది. అంత సన్నపు పని రాతి పనిముట్లతో కష్టం. రాగి ఉలులు వచ్చాక చక్రం వచ్చిందనడానికి పండితులు చెప్పే కారణాల్లో ఇదొకటి. ఇంత చేశాక కూడా రాపిడి ఉండనే ఉంది. పరమేశ్వరుడి బండైనా కందెన లేనిదే కదలదని ఊరికే అన్నారా! నాన్న చిన్నప్పుడు ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి కందెన చేసేవారట.

మర్నాడు ఆయనే మమ్మల్ని చోడవరం వైపు తన ఊరికి తీసుకెళ్ళారు. ఇప్పుడు అక్కడ చెరకు లాగే నాటుబండ్లకూ రబ్బరు టైర్లే. ఒక వడ్రంగి పెరట్లో మాత్రం పాత తుమ్మచెక్క చక్రం గోడకు ఆన్చి ఉంది. ఆ పెద్దాయన పీట వేసుకుని కూర్చుని ఓపిగ్గా చెప్పాడు. ఇనుప పట్టాను చక్రం కంటే రవ్వంత చిన్నదిగా చేస్తారు. పిడకల మంటలో ఎర్రగా కాలిస్తే అది సాగుతుంది. చక్రానికి తొడిగి వెంటనే నీళ్ళు పోస్తే ముడుచుకుని చెక్కలన్నిటినీ ఒక్కటిగా బిగిస్తుంది. మేకు అక్కరలేదు. మా పిల్ల పుస్తకంలో బొమ్మ వేసుకుంటూ, చక్రంతో పాటు ఇరుసు కూడా తిరుగుతుందా అని అడిగింది.

"ఇరుసు తిరిగితే మలుపులో ఓ చెక్రం ఈడ్చుకుపోదేటమ్మా?" అన్నాడాయన.

పిల్ల అక్కడే గంతులేసింది. స్లొవేనియాలో దొరికిన చక్రానికి నడిమి కన్నం చదరంగా ఉంటుంది. చక్రం, ఇరుసు కలిసి తిరిగేవి. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటే పోలేదు. 5,000 ఏళ్ళ కిందటి ఆ చిక్కు గురించి వినకుండానే చోడవరం పెద్దాయన ఒక్క మాటలో తేల్చేశాడు. ఆ పెరట్లోంచే పిల్ల జట్టుకు వీడియో కాల్ చేసింది. పావుగంట తిరక్కుండా నలుగురూ పాత పంపకం చెరిపేశారు. ఇప్పుడు వాటాలు దేశాల లెక్కన కాదు, చిక్కుల లెక్కన: చెక్క, ఇరుసు, లాగే పశువు, దారి.

ఇంటికొచ్చాక నాన్న అడిగారు, ఆ నాలుగో పిల్ల వాళ్ళు దేంట్లో తిరిగేవారట అని. "పడవల్లో" అంది మా అమ్మాయి. ఆయన కుర్చీలోంచి ముందుకు వంగారు. 1948లో జల ఉష అనే ఓడ నీళ్ళలోకి దిగిన షిప్‌యార్డులో బతుకంతా పనిచేసిన మనిషి! మలయ్ జనం ఉండే ఆ ద్వీపాల నావికుల సంతతి హిందూ మహాసముద్రం దాటి మడగాస్కర్‌లో స్థిరపడింది. అక్కడి భాష ఇప్పటికీ మలయ్ ఉన్న భాషా కుటుంబానిదే. మెక్సికోలో పాతకాలపు మట్టి జంతువుల బొమ్మలకు చక్రాలున్నాయి. ఆలోచన ఉంది, కానీ లాగే పశువు లేక బండి రాలేదు. చక్రం లేకపోవడం తెలివి లేకపోవడం కాదని ఇంతకంటే బాగా ఎలా చెప్పగలం? మలయ్ అమ్మాయి ఐదో భాగం అడిగి తీసుకుంది. చక్రం అవసరం పడని చోట జనం ఎలా తిరిగారన్నది. తానే రాసింది. బొమ్మలు మిగతా ముగ్గురూ వేశారు.

ఎవరు కనిపెట్టారన్న చోట వాళ్ళు ఏ పేరూ రాయలేదు. ఆధారాలను కాలం వరసలో పెట్టి వదిలేశారు. తిరిగే ఇరుసుతో ఒకటి, నిలిచిన ఇరుసుతో ఒకటి రెండు చిన్న బండ్లు చేసి తరగతిలో మలుపు తిప్పి చూపించారు. బాబాయ్ ఇప్పుడు కూడా పాత తవ్వకాల వార్తలు పంపుతూనే ఉంటాడు. కాకపోతే ఎవరు తవ్వారో, ఏ ఏడు తవ్వారో కింద రాసి మరీ పంపుతున్నాడు.