నాన్న పుస్తకాలు లైబ్రరీకి ఇచ్చిన వైనం

నాన్న తెలుగు మాస్టారు. ఆయన పుస్తకాలూ, వాటితోపాటు కొంత డబ్బూ మా ఊరి శాఖా గ్రంథాలయానికి ఇద్దామని అన్నయ్యా నేనూ అనుకున్నాం.

లైబ్రేరియన్ గారు మా ఇంటికొచ్చి బీరువా ముందు బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. ప్రతి పుస్తకం తెరిచి, కుట్టు దగ్గర వేలు పెట్టి చూశారు. చెద తగిలినవన్నీ పక్కకే. "ఒక్కటి పురుగుది వచ్చిందంటే నా ర్యాకంతా పోతుందమ్మా" అన్నారు. పాత వారపత్రికల బైండ్లు బాగానే ఉన్నా, పెట్టే చోటు లేదని వద్దన్నారు. మిగిలినవాటికి పేరు, రచయిత, వెల రాసి జాబితా ఇమ్మన్నారు. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు వెళ్ళి, కార్యదర్శి సంతకమై వస్తేగానీ పుస్తకాలు రిజిస్టరెక్కవు. నంబరు పడని పుస్తకానికి ఎవరూ జవాబుదారీ కాదు కదా, అందుకని ఈ తిప్పట నాకు తప్పనిపించలేదు. ఫైలు మాత్రం బాగానే నానింది.

డబ్బుతో నాన్న పేరున అద్దాల బీరువా చేయిద్దామన్నది అన్నయ్య ఆలోచన. లైబ్రేరియన్ గారు ఏమీ అనకుండా మమ్మల్ని రీడింగ్ హాల్లోకి తీసుకెళ్ళారు. అంతా గ్రూప్స్‌కి, డీఎస్సీకి, కానిస్టేబుల్ పరీక్షకి చదివే పిల్లలే. కుర్చీలు చాలక కొందరు గోడకి ఆనుకుని, ఒళ్ళో ప్యాడ్ పెట్టుకుని రాసుకుంటున్నారు. జనరల్ స్టడీస్ పుస్తకం ఒక్కటే ఉంటే, దాన్ని నాలుగు భాగాలుగా విడదీసి బైండు చేయించారాయన, ఒకేసారి నలుగురు చదువుకోవచ్చని! అన్నయ్య మళ్ళీ బీరువా మాటెత్తలేదు.

మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. 1960 నాటి చట్టం కింద వచ్చిన ఏర్పాటిది. పంచాయతీలు, మునిసిపాలిటీలు వసూలు చేసి జిల్లా సంస్థకు జమ చేయాలి. వసూలైతే చేస్తాయి, జమ దగ్గరే బకాయిలు. అది రాకపోతే ముందు ఆగేది కొత్త పుస్తకాలే. దాతల డబ్బు అక్కరకొచ్చేది ఇక్కడ. కానీ మనవాళ్ళకి శిలాఫలకం పడే పనులంటేనే ఇష్టం, పేపర్ బిల్లు కడతామనేవాళ్ళు కనపడరు. 1914లో గ్రంథాలయోద్యమ నాయకులు అయ్యంకి వెంకటరమణయ్య గారు బెజవాడలో గ్రంథాలయ మహాసభ పెట్టేనాటికి పన్నూ లేదు, చట్టమూ లేదు. ఊళ్ళలో లైబ్రరీలు నడిచింది చందాల మీదే.

చివరికి కుర్చీలు, బల్లలు, పరీక్షల పుస్తకాలు మేమే కొన్నాం. బిల్లులు సంస్థ పేరున రాయించి, స్టాకు రిజిస్టర్లో ఎక్కించి రసీదు తీసుకున్నాం. ఎవరైనా ఇవ్వదలిస్తే ఇలా చేయడమే మేలు. ముందు అక్కడ ఏం తక్కువైందో అడిగి, అదే కొనండి.

వారపత్రికల బైండ్లు ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి. వేటపాలెంలోని సారస్వత నికేతనం గ్రంథాలయం వాళ్ళకి పాత పత్రికలు దాచడంలో పేరుంది కదా, వాళ్ళని అడిగి చూస్తానంటున్నాడు అన్నయ్య.