గోడలోకి పోయే వైరు

మాది బోడుప్పల్‌లో మూడంతస్తుల చిన్న స్కూలు. నేను కంప్యూటర్ టీచర్ని కాబట్టి నెట్ రాకపోతే అందరూ నా మీదే పడతారు. పై అంతస్తు ల్యాబ్‌లో 22 కంప్యూటర్లు ఆన్ కాగానే కింద ఆఫీసులో ఫీజు రసీదులు ఆగిపోయేవి. కనెక్షన్‌తోపాటు వచ్చిన ఒక్క వైఫై రౌటర్ మీదే స్కూలంతా నడుస్తోంది మరి. ఇంట్లో నలుగురు వాడుకునే డబ్బా అది.

స్కూలంతా కొత్తగా వైర్లు వేసి నెట్ సరిచేద్దామంటే, 60 వేలు దాటొద్దన్నారు కరస్పాండెంట్ గారు. మొదటి కొటేషనే 1,42,000 వచ్చింది. ఫైర్‌వాల్ (నెట్‌లో వచ్చేపోయేవాటిని వడగట్టే పెట్టె), మూడు మేనేజ్డ్ స్విచ్‌లు (ఒక నెట్ వైరుని చాలా కంప్యూటర్లకి పంచే, సెట్టింగులు మార్చుకోగలిగే పెట్టెలు), అన్నిటికీ మోడల్ నంబర్లతో సహా రాశారు. వైరు దగ్గర మాత్రం 'క్యాట్ 6, ఒక లాట్' అని, నెట్ వైరు రకం తప్ప కంపెనీ, పొడవు లేకుండా వదిలేశారు. అక్కడే నాకు అనుమానమొచ్చింది.

శనివారం ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, ప్యారడైజ్‌లో దిగి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాను. ఒక షాపులో 305 మీటర్ల బాక్సు 3,800కే ఇస్తానన్నాడు. "ప్యూర్ కాపరే మేడమ్, రంగు చూడండి" అంటూ జానెడు ముక్క కత్తిరించి ఇచ్చాడు. బ్లేడు అడిగి తీసుకుని తీగని మెల్లగా గీకాను. ఎర్రటి పూత కింద తెల్లగా మెరిసింది. అల్యూమినియం! "ఇదేంటన్నా, వెండి కూడా కలిపారా?" అన్నాను. అతను నవ్వేసి లోపల్నుంచి ఇంకో బాక్సు తెచ్చాడు. 8,500. అదీ గీకాను, లోపలిదాకా ఎరుపే. అలాంటివి రెండు తీసుకున్నాను. స్విచ్ పాడైతే పది నిమిషాల్లో మార్చుకోవచ్చు, గోడలోకి పోయిన వైరుని ఎవరు తవ్వుతారు? పైగా యాక్సెస్ పాయింట్లకి, అంటే వైఫైని పంచే డబ్బాలకి, కరెంటు కూడా ఆ వైరులోనే పంపాలి. అల్యూమినియమైతే అంత దూరంలో వోల్టేజీ పడిపోతుంది, వైరు వేడెక్కుతుంది.

ఫైర్‌వాల్ వద్దనుకున్నాను. రౌటర్‌లో డీఎన్ఎస్ (సైటు పేరు చెబితే దాని అడ్రసు వెతికిచ్చే సర్వర్) 1.1.1.3 అని మార్చాను. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లది, ఉచితం, పెద్దల సైట్లని ఆపుతుంది. తొమ్మిదో తరగతి వాళ్లు దాన్ని దాటగలరు, తెలుసు. అందుకే ల్యాబ్‌లో నేను కూర్చోను, తిరుగుతుంటాను. ల్యాబ్ మొత్తం వైరు మీదే. వైఫై టీచర్లకీ క్లాసు టీవీలకీ, అంతస్తుకో యాక్సెస్ పాయింట్. ఒకదానికొకటి అడ్డురాకుండా 1, 6, 11 ఛానెళ్లు పెట్టాను.

తప్పు స్విచ్ దగ్గర చేశాను. ల్యాబ్‌కి 24 పోర్టుల మామూలు స్విచ్ తీసుకుని, స్మార్ట్ స్విచ్ కంటే 2,300 తక్కువకి వచ్చిందని మురిసిపోయాను. మూడో వారం ఉదయం పదింటికి స్కూలంతా నెట్ పోయింది. రౌటర్ ఆపి వేశాను, ఇంటర్నెట్ వాళ్లతో గొడవపడ్డాను. సాయంత్రం నాలుగింటికి గానీ కనిపించలేదు. రిపేరుకి పంపిన కంప్యూటర్ వైరు కిందికి వేలాడుతుంటే, ఎనిమిదో తరగతి బాబు దాని రెండో కొసని పక్కనున్న ఖాళీ సాకెట్‌లో పెట్టేశాడు. నీట్‌గా ఉంటుందని! వైరు రెండు కొసలూ ఒకే స్విచ్‌లోకి వెళ్తే డేటా బయటికి పోలేక గిరగిరా తిరుగుతూ, పెరుగుతూ ఉంటుంది. స్మార్ట్ స్విచ్ అయితే దీన్ని పసిగట్టి ఆ పోర్టుని మూసేస్తుంది. మర్నాడే వెళ్లి తేడా డబ్బు కట్టి మార్చుకొచ్చాను.

మొత్తం 61,400 అయింది. ఆ పై 1,400 గురించి కరస్పాండెంట్ గారు రెండుసార్లు అడిగారు. సాకెట్లన్నిటికీ నంబర్లు రాసి స్టిక్కర్లు అంటించే పని ఆ బాబుకే అప్పజెప్పాను. 14 రెండుచోట్ల రాశాడు. ఇంకా మార్చలేదు.